పన్నెండు రుచుల టీ మీద మా ఇంటి విచారణ సంఘం నివేదిక

దేశం ముందు ఇంతకన్నా పెద్ద సమస్యలు ఉండొచ్చు గానీ మా ఇంట్లో పోయిన దీపావళి నుంచి ఉన్న సమస్య ఒక్కటే. మా ఆఫీసువాళ్లు ఎప్పుడూ ఇచ్చే స్వీట్ల డబ్బా మానేసి, ఆరోగ్యం పేరు చెప్పి ఒక చెక్కపెట్టె చేతిలో పెట్టారు. మూత తీస్తే పన్నెండు గడులు, గడికో రుచి, రుచికి నాలుగేసి టీ సంచులు. ఎవరి గృహప్రవేశానికైనా ఇచ్చేద్దామని మా ఆవిడ మొదటిరోజే అంది (నవ్వకండి, మీ ఇంటికొచ్చిన గోడగడియారాలు ఎన్ని ఇళ్లు తిరిగి వచ్చాయో మీకేం తెలుసు). కానీ ఆఫీసువాళ్లు అంతకన్నా తెలివైనవాళ్లు, మూత మీద నా పేరు చెక్కించి మరీ ఇచ్చారు. ఇక తాగడం తప్ప దారి లేదు. ఎక్స్‌పైరీకి నెలన్నర ఉందనగా విచారణ సంఘం వేశాం.

సభ్యులు నలుగురు. మా నాన్న, గుంటూరు జిల్లా పత్తి రైతు, రోజుకు నాలుగు టీల చొప్పున అరవై ఏళ్ల అనుభవం. మా ఆవిడ, అధ్యక్షురాలు, ఎందుకంటే గిన్నెలు ఆవిడవి. మా అమ్మాయి, ఎనిమిదో తరగతి, సైన్సు సలహాదారు. నేను కార్యదర్శిని, అంటే కప్పులు కడిగేవాణ్ణి.

విచారణ అన్నాక పద్ధతి ఉండాలి. రుచి చూడ్డానికి టీ ఎలా కాచాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం నిజంగానే ఉంది, ఐఎస్ఓ 3103, 1980లో వచ్చింది. తెల్ల పింగాణీ పాత్ర, వంద మిల్లీలీటర్ల నీళ్లకి రెండు గ్రాముల ఆకు, మరిగే నీళ్లు పోసి మూతపెట్టి ఆరు నిమిషాలు. దీనికి మూలమైన ఆరు పేజీల బ్రిటిష్ ప్రమాణానికి 1999లో సాహిత్యంలో ఇగ్నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు, అంటే నవ్వుకోడానికి ఇచ్చే నోబెల్ అన్నమాట. మా ఇంటి ప్రమాణం ఏమిటంటే మూడు పొంగులు. మూడో పొంగు స్టవ్ మీద పడితే అది స్ట్రాంగ్ టీ. ఈ రెంటికీ రాజీ కుదరక విచారణ మొదటి అరగంట పింగాణీ పాత్ర వెతకడంలోనే గడిచింది.

ఇంకో చిక్కు వచ్చింది. కలకత్తా, గౌహతి వేలంపాటలకి టీ రుచి చూసే నిపుణులు చెంచాతో గట్టిగా చప్పుడొచ్చేలా జుర్రి, నోరంతా తిప్పి, ఉమ్మేస్తారు. రోజుకు వందల రకాలు చూడాలి కాబట్టి మింగితే కుదరదు. జుర్రడం వరకు మా నాన్నకి ఏ శిక్షణా అక్కర్లేదు, ఆయన జుర్రితే పక్క ఫ్లాటువాళ్లకి టీ టైం అయిందని తెలుస్తుంది. ఉమ్మడం దగ్గరే ఆగిపోయారు. "టీని ఉమ్మటం ఏందిరా, గొంతు నొప్పికి ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నామా?" అన్నారు. ఆ నిబంధన సవరించాం.

మొదటి గడి ఎర్ల్ గ్రే. బర్గమాట్ అనే నిమ్మజాతి కాయ తొక్కలోంచి తీసిన నూనె పట్టించిన టీ, 1830ల్లో బ్రిటన్ ప్రధానిగా చేసినాయన పేరు పెట్టుకున్నారు. మన దగ్గర నాయకుడి పేరు బస్టాండుకి పెడతారు, పథకానికి పెడతారు, వాళ్లు కప్పుకి పెట్టుకున్నారు, ఖర్చు తక్కువ. మా ఆవిడ వాసన చూసి కప్పు కింద పెట్టేసింది. "మనం గిన్నెలు తోమే లిక్విడ్ ఇదే కదండీ?" ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా నాకూ ఇంకో వాసన రాలేదు. ఒక్క మాటతో రెండు వందల ఏళ్ల ప్రతిష్ఠ సింకులో కలిసింది.

మల్లెపూల టీ విషయంలో నేను కొంచెం గౌరవంగానే మాట్లాడతాను. చైనాలో దీన్ని సరైన పద్ధతిలో చేస్తే, సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గల్ని ఆకుతో కలిపి రాత్రంతా ఉంచుతారు, తెల్లారి పూలు తీసేస్తారు, మళ్లీ కొత్త మొగ్గలు, ఇలా కొన్ని రాత్రులు. ఎంత ఓపిక! అయినా తెలుగువాళ్లకి మల్లెపూల చోటు ఎక్కడో స్థిరపడిపోయింది, అది కప్పు మాత్రం కాదు. వేడివేడిగా తాగుతుంటే పెళ్లివారి బస్సులో చివరి సీట్లో కూర్చున్నట్టుంది.

తర్వాత నీలం టీ. ఇది శంఖుపుష్పం, ఎవరింటి పెరట్లోనైనా కంచె మీద పాకేదే. నిమ్మరసం పిండితే ఊదారంగులోకి మారుతుంది. మా సైన్సు సలహాదారు లిట్మస్ కాగితం పాఠం మొత్తం అప్పజెప్పి, పువ్వులో ఉండే ఆంథోసయనిన్ల వల్లే అలా అవుతుందని తేల్చింది. రుచి? లేదు. రంగు మార్చడమే దీని అర్హత. ఆ మాటకొస్తే మన నాయకులు నిమ్మకాయ ఖర్చు కూడా లేకుండా మారుస్తారు, వాళ్లనెవరూ పెట్టెలో పెట్టి దీపావళికి పంచరు.

పైగా ఇదీ, పక్క గడిలో ఉన్న చామంతి, మందారం, ఇవేవీ అసలు టీలే కావు. టీ అంటే కామెల్లియా సైనెన్సిస్ అనే మొక్క ఆకు, అంతే. మిగిలినవి కషాయాలు. కషాయం అంటే పిల్లలు పారిపోతారు, హెర్బల్ టీ అంటే పెద్దవాళ్లు ఫోటో తీసుకుంటారు. చామంతి నిద్ర పట్టిస్తుందని కవరు మీద రాసుంది. మా నాన్న అది కాచేలోపే సోఫాలో నిద్రపోయారు కాబట్టి ఆ ప్రయోగం చెల్లదు.

స్ట్రాబెరీ, పీచ్, చాక్లెట్ మింట్ గురించి ఎక్కువ రాయను. ఒకదాని కవరు మీద 'నేచర్ ఐడెంటికల్ ఫ్లేవర్' అని ఉంది. అంటే పండు కాదు, అచ్చం పండులాగే ఉండే రసాయనం. బంధువు కాదుగానీ బంధువులాంటివాడే అని పరిచయం చేస్తారే, అలా. చాక్లెట్ మింట్ తాగితే పళ్లు తోముకోగానే చాక్లెట్ తిన్నట్టుంది, మా అమ్మాయి మాత్రం రెండో కప్పు అడిగింది, సైన్సు మీద నాకున్న నమ్మకం కొంచెం సడలింది.

ఎనిమిదో గడిలో లాప్సాంగ్ సూచాంగ్. చైనాలో పైన్ కట్టెల పొగ పట్టించి ఆరబెట్టే టీ. మూత తీయగానే అధ్యక్షురాలు వంటింట్లోకి పరిగెత్తింది, ఏదో మాడుతోందని. మా నాన్న ఒక గుక్క తాగి కాసేపు మాట్లాడలేదు. ఇంకో గుక్క తాగారు. "ఇది మీ నాయనమ్మ కాసిన టీ రా" అన్నారు. వానాకాలం తడిసిన పత్తికట్టెతో పొయ్యి రాజేస్తే ఇల్లంతా పొగ, ఆ పొగంతా టీలో, తాగనని మారాం చేసి దెబ్బలు కూడా తిన్నారట. నాలుగు సంచులూ ఆయనే తీసుకున్నారు. ఓటింగు పెట్టలేదు.

డార్జిలింగ్ గడి దగ్గర మాత్రం సభ రసాభాస అయింది. ఆ రెండో కోత టీకి మస్కటెల్ అనే ద్రాక్షపండు వాసన ఉంటుందని, దాని వెనక ఒక చిన్న పురుగు ఉందని నేను చదివిన జ్ఞానం ఒలకబోశాను. పచ్చదోమ కుటుంబానిదే, చిగురాకుని కుడుతుంది, మొక్క తనని తాను కాపాడుకోడానికి కొన్ని వాసన పదార్థాలు తయారుచేస్తుంది, ఆ వాసనకే ఆ ధర. నాన్న కప్పు పక్కన పెట్టేశారు.

"పచ్చదోమా?"

"అదే నాన్నా, అచ్చం అదే కాదు, దాని చుట్టాలు."

"మా పత్తిని కుడితే ఆకు ముడుచుకుపోయి మందుల కొట్లో అప్పు. వాళ్ల ఆకుని కుడితే సువాసనా?"

దీనికి కార్యదర్శి దగ్గర సమాధానం లేదు. దోమ చేసిన పని ఒకటే, కొండ మీద చేస్తే కళ, నల్లరేగడిలో చేస్తే తెగులు. నివేదికలో అసమ్మతి నోటు కింద రాశాం.

ఇంతవరకూ బాగానే వెక్కిరించాం. తప్పంతా చివర్లో నాదే. పోల్చి చూడ్డానికి మన మామూలు టీపొడిని కూడా అదే పద్ధతిలో పెడదాం, కల్తీ లేని అసలు టీ ఎలా ఉంటుందో ఈ పెట్టెకి చూపిద్దాం అన్నాను. డబ్బాలోంచి పొడి రెండు గ్రాములు, వంద మిల్లీలీటర్ల నీళ్లు, ఆరు నిమిషాలు. పాలు లేవు, చక్కెర లేదు, అల్లం లేదు. నలుగురం తాగాం.

కరక్కాయ నాలుక మీద అరగదీసినట్టుంది. నాన్న ఉమ్మేశారు. అవును, ఉమ్మనన్న మనిషే.

ఆలోచిస్తే అందులో వింతేం లేదు. మనం వాడేది సీటీసీ పొడి, ఆకుని నలిపి, చీల్చి, చుట్టలు చేసే యంత్రం 1930ల్లో అస్సాంలో మొదలైంది, ఎంత పాలు పోసినా తట్టుకుని రంగు నిలబెట్టడం దాని బలం. ఇరానీ చాయ్‌లో కూడా డికాషన్ వేరే కాగాలి, పాలు వేరే చిక్కబడాలి, ఆఖర్న కప్పులో కలవాలి, మనం పొగిడేది ఆ పాలనే. అరవై ఏళ్ల అనుభవం అని రాసుకున్నానే, ఆ అరవై ఏళ్లూ మా నాన్న తాగింది అల్లం రుచి పాలు. ఫ్లేవర్డ్ టీ వచ్చి మన సంస్కృతిని చెడగొట్టిందని ముగింపు వాక్యం ముందే రాసి పెట్టుకున్నాను, కొట్టేశాను.

చీకటిపడ్డాక మా ఆవిడ ఎవరినీ అడక్కుండా గిన్నె పెట్టి, అల్లం దంచి, మూడు పొంగులు రానిచ్చింది. ఎవరం ఏం మాట్లాడలేదు. పెట్టె ఇప్పుడు స్టవ్ పక్కనే ఉంటుంది. ఎర్ల్ గ్రే అని రాసి ఉన్న గడిలో యాలకులు, చామంతి గడిలో లవంగాలు, డార్జిలింగ్‌లో శొంఠి. మూత మీద నా పేరు.