నడిస్తేనే కనబడే నగరం

హైదరాబాద్ చూడటానికి వచ్చే చుట్టాలు మొదట అడిగేది చార్మినార్‌నే. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) దాకా చల్లగా వచ్చేస్తారు. కష్టమంతా అక్కడ దిగాకే. మిగిలిన సుమారు రెండు కిలోమీటర్లకు ఆటోవాలా చెప్పిందే రేటు. తొలి ప్రణాళికలోనే ఉన్న ఎంజీబీఎస్-ఫలక్‌నుమా మార్గం, ఐదున్నర కిలోమీటర్లు, ఇప్పటికీ పట్టాలకెక్కలేదు. ఆ సంగతి మళ్లీ రాయక తప్పదు గానీ, ఇవాళ మా మాట కాలిబాట గురించి.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించింది నాలుగు మీనార్లే కాదు, ఒక కూడలిని కూడా. ఉత్తరాన నాలుగు కమానుల చార్ కమాన్, వాటి మధ్యలో గుల్జార్ హౌజ్ ఫౌంటెన్. పడమట గాజుల లాడ్‌బజార్. నైరుతిన మక్కా మసీదు. దాని కథే ఒక విచిత్రం: 1617లో కుతుబ్‌షాహీలు పునాది వేస్తే, వాళ్ల రాజ్యాన్ని కూల్చిన ఔరంగజేబు హయాంలో 1694లో పూర్తయింది. మరికాస్త నడిస్తే నిజాంల చౌమహల్లా ప్యాలెస్. ఇవన్నీ కాళ్లకు అందే దూరంలోనే ఉన్నాయి. కానీ వచ్చినవాళ్లు మీనార్ల ముందు సెల్ఫీ దిగి, హారన్ల మోతకు బెదిరి, అరగంటలో తిరుగుముఖం పడుతున్నారు. లాడ్‌బజార్‌లో వేడి లక్కమీద రాళ్లు పొదిగే చేతులను చూడాలంటే ఓ పావుగంట నిలబడాలి. వెనకనుంచి బైకు తోస్తుంటే ఎవరు నిలబడతారు?

పాదచారి గురించి ఈ ఊరు ఆలోచించలేదనలేం. చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న పత్తర్‌గట్టి బజారునే చూడండి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని తీర్చిదిద్దినప్పుడు, దుకాణాల ముందు రాతి కమానులతో వరండాలు కట్టారు. ఎండావానల్లో జనం వాటి కింద నడిచిపోవాలన్నది ఉద్దేశం. ఇప్పుడు ఆ వరండాల్లో దుకాణాల సరుకు నడుస్తోంది, జనం బస్సుల మధ్య నడుస్తున్నారు.

నడకకు చోటు కావాలనగానే అధికారుల చూపు తోపుడుబండ్ల మీద పడుతుంది. అది మాకు సమ్మతం కాదు. ముత్యాలు, అత్తరు, పండ్లు అమ్మే బండ్లు లేని చార్మినార్‌ను చూడటానికి ఎవరూ రారు. పైగా 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు చూపమంటోంది, తరమమనడం లేదు. ముందు ఖాళీ కావాల్సినవి పక్కా దుకాణాలు ముందుకు జరుపుకున్న మెట్లు, రోడ్డు మీద నిలిపిన కార్లు.

చార్మినార్ చుట్టూ రాళ్లు పరిచి వాహనాలను ఆపడానికి ఏళ్లు పట్టింది. ఆ పని అక్కడే ఆగిపోయింది. ఆ రాళ్లు గుల్జార్ హౌజ్ దాటి మదీనా కూడలి దాకా సాగాలి. దారిలో ఆడవాళ్లు నిస్సంకోచంగా వెళ్లగలిగే మరుగుదొడ్లు, ముసలివాళ్లు కూలబడటానికి నాలుగు బెంచీలు, తెలుగు, ఉర్దూలలో కూడా దారి చూపే బోర్డులు ఉండాలి. రంజాన్ రాత్రుల్లో వాహనాలను దారి మళ్లించి ఇదే పోలీసులు ఇదే వీధులను జనానికి వదిలేస్తున్నారు. శని, ఆదివారాల సాయంత్రాలతో మొదలుపెట్టడానికి కొత్త కమిటీ అక్కర్లేదు.