ఓళిగలు కొనుక్కోవచ్చు, కట్టుచారు కొనలేం

కర్నూలు నుంచి అనంతపురం మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో పోతుంటే 'రాయలసీమ రుచులు' అన్న బోర్డులు వరసగా కనిపిస్తాయి. లోపల రాగి సంగటి, నాటుకోడి పులుసు. ఆదివారం మధ్యాహ్నం టేబుల్ దొరకదు. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలు 'మా చిన్నప్పుడు ఇదే తినేవాళ్లం' అని చెబుతుంటారు. అది సగమే నిజం. సంగటి తిన్నమాట వాస్తవమే. కోడి మాత్రం ఏ పండక్కో, చుట్టాలొస్తేనో. మిగతా రోజుల్లో సంగటి పక్కన ఉండేది చెనక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగల పచ్చడి. అదీ లేనినాడు పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ (ఉల్లిపాయ).

పిల్లలకు మనం చూపిస్తున్నది కరువు సీమ తిండికి వేసిన పండగ వేషం. రోజువారీ తిండీ, ఉన్నదాంతో సర్దుకుని దాన్ని రుచిగా చేసిన పనితనమూ మన తరంతోనే ఆగిపోతున్నాయి. నాకు బెంగ దాని గురించే.

ఇందులో తప్పంతా ఇప్పటి అమ్మానాన్నలదే అంటే ఒప్పుకోను. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ వానకు కొర్ర, ఆరిక, జొన్న, రాగి పండేవి, అవే తినేవాళ్లు. తర్వాత చేలన్నీ చెనక్కాయకు మళ్లాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. అంతకుముందు చాలా ఇళ్లలో వరి అన్నం పండగనాటి మాట. అది రోజూ దొరుకుతుంటే ఎవరు కాదంటారు? మా జేజి మాకు అన్నం పెట్టి తను సంగటి తినేది. 'పిల్లోళ్లకు సంగటెందుకు' అనేది. తను పడ్డ కష్టం మనవళ్లకు వద్దనుకుంది, అంతే. పైగా ఆ సంగటి వెనక తెల్లారకముందే విసురురాయి ముందు కూర్చున్న ఆడవాళ్ల చేతులున్నాయి. అమ్మచేతి వంట అంటూ కళ్లు చెమర్చేలా మాట్లాడే మగవాళ్లలో ఆ రాయి తిప్పినవాళ్లెందరో నాకు అనుమానమే.

మరి అందించాల్సింది ఏది? ఓళిగల (బొబ్బట్ల) సంగతే చూడండి. ఉగాది వచ్చిందంటే కడపలోనూ కర్నూలులోనూ మిఠాయి అంగళ్ల ముందు ఓళిగల కోసం బారులు తీరతారు. బాగానే ఉంటాయి కూడా. కానీ ఇంట్లో ఓళిగలు చేస్తే ఇంకోటి పుడుతుంది. పూర్ణం కోసం బేడలు (పప్పు) ఉడికించి వంచిన నీళ్లే కట్టు. దాన్ని పారబోయరు. అందులో చింతపండు పులుసు, కాస్త పూర్ణం, మిరియాలు, జీలకర్ర, ధనియాలు నూరిన ముద్ద వేసి మరిగించి తిరగమాత పెడితే కట్టుచారు. పులుపూ తీపీ కారమూ ఒకేసారి నాలుక్కి తగిలే ఆ చారు మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఓళిగలు కొని తెచ్చిన ఇంట్లో ఆ చారు ఉండదు. బేడలు ఉడకనిదే కట్టెక్కడిది? ఆ ఇంటి పిల్లలకు తీపి తెలుస్తుంది, ఉడికించిన నీళ్లు కూడా వృథా పోనివ్వని వంటిల్లు తెలియదు. ఏడాదికొక్కసారైనా ఓళిగలు ఇంట్లోనే చేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. అవి వంకరగా వచ్చినా, పెనం మీద చిరిగిపోయినా నష్టం లేదు. పూర్ణం ఉండలు చేసే పని పిల్లలకిస్తే సగం ఉండలు వాళ్ల నోట్లోకే పోతాయి. పోనివ్వండి.

సంగటి కూడా చూసి నేర్చుకునేదే. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి నడిమధ్యన పోసి, కలపకుండా మూత పెట్టి సన్న సెగ మీద మగ్గనివ్వాలి. పిండి పచ్చివాసన పోయిందో లేదో ముక్కుకే తెలియాలి. ఆ తర్వాత తెడ్డుతో ఆపకుండా గెలకాలి, లేకపోతే ఉండలు కడుతుంది. వేడి మీదే తడిచేత్తో ముద్ద చేయాలి. యూట్యూబ్‌లో ఇదంతా ఉంది, వాసన తప్ప. పదేళ్ల పిల్లాడు పక్కన నిలబడి నాలుగుసార్లు చూస్తే ఐదోసారి తెడ్డు తనే అడుగుతాడు. తిరగలి బదులు మిక్సీ, కట్టెలపొయ్యి బదులు గ్యాస్ వచ్చిందని దిగులుపడక్కర్లేదు. కుక్కర్‌లో చేసినా సంగటి సంగటే.

ఈమధ్య ఆరోగ్యం పేరుతో ఇంకో దారి తెరుచుకుంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో మన రాష్ట్రంలో బడి పిల్లలకు వారానికి 3 రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాని ముందు లెక్కలోకి రానంత. మంచిదే. కానీ 'తిను, ఎముకలకు బలం' అన్నామంటే అది మందైపోతుంది. మందును ఇష్టంగా తినే పిల్లలను నేనైతే చూడలేదు. బడిలో తాగిన జావ పిండితోనే ఇంట్లో ముద్ద చేస్తారని, ఊరిబిండి నంజుకుని నమలకుండా మింగుతారని చూపిస్తే నవ్వుకుంటూనైనా ఓ ముద్ద మింగుతారు. ఆ పూటకు అది చాలు.

కడప జిల్లా ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. అమ్మ కువైట్‌లో ఇళ్లలో పనికి పోతే పిల్లలు అవ్వ దగ్గర పెరుగుతారు. ఆ అవ్వ చేతి పులుసు నేరుగా మనవరాళ్లకు అందుతుంది, మధ్యలో ఒక తరం దాటిపోతుంది. రుచి నిలబడిందని సంబరపడాలా, అందుకు ఆ ఇల్లు చెల్లించిన ధర చూసి ఊరుకోవాలా, నాకు తేల్చుకోవడం కష్టం.

ఇక పాతదంతా మోసుకురావాలని కూడా లేదు. మగవాళ్లు, పిల్లలు తిన్నాక సట్టి అడుగున అంటుకున్నది గీరుకుని ఆడవాళ్లు చివర్న తినడం కూడా మన ఇళ్లలో సంప్రదాయమే. తెడ్డు కూతురికే ఇచ్చి కొడుకును ముందుగదిలో కూర్చోబెట్టడమూ అంతే. ఈ రెండూ నా పిల్లలకు చేరకపోతే నాకేం బాధలేదు.