‘సెట్ అయిపోద్ది’ అనే ఉక్కు శాస్త్రం

మా ట్రాక్టర్ ట్రక్కు ఇరుసు వంగింది. వంగినందుకు నాకు బాధ లేదు. ఇనుమన్నాక వంగుతుంది. ఆ వారం రోజుల్లో ‘సెట్ అయిపోద్ది’ అనే మాట ఎంతమంది నోట విన్నానో, అదే నన్ను ఈ వ్యాసం దాకా తెచ్చింది.

ముందు ఇరుసు తరఫున నాలుగు మాటలు. అది మూడు టన్నుల ట్రక్కు. మా బావ అందులో రెండు వేల ఇటుకలు ఎక్కించాడు. ఇటుక మూడు కిలోలు వేసుకున్నా లెక్క మీకు తెలిసిపోతుంది. మా బావకు తెలియదు. ఆయన సిద్ధాంతం ప్రకారం సరుకు పక్క పలకలు దాటి పైకి కనిపిస్తేనే ఓవర్‌లోడ్. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా పెట్టారు. ఆ లెక్కన మా బావ 26,000 రూపాయల మనిషి. ఇంతవరకు ఎవరూ వచ్చి వసూలు చేసుకోలేదు.

ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఉంది. రోడ్లకు కొలతలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల పుస్తకంలో దానికి 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు అని రాసి ఉంటుంది. మా ఊరిది ఎవరింటి స్లాబుకో కలిపిన కాంక్రీటు మిగిలితే పోసింది. వెడల్పు జానెడు. ఎత్తు, ఆ రోజు ఎంత మిగిలితే అంత.

దాని మీద ఎక్కి దిగేసరికి ఇరుసు మధ్యలో కుంగింది. చక్రాలు రెండూ పైన లోపలికి వాలాయి. దారానికి నట్టు కట్టి టైరు పై అంచు నుంచి వదిలితే, అది నిలువుగా వేలాడకుండా కింద టైరు మీద పడుకుంది. టైర్ల లోపలి అంచులు అప్పటికే నున్నగా అరిగి ఉన్నాయి. అంటే ఇటుకలు చివరి దెబ్బ మాత్రమే, పాపం చాలాకాలంగా పండుతోంది.

ఇక షెడ్డు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే అక్కడ జరిగింది రిపేరు కాదు, క్రతువు. ఇరుసును ఊడదీసి రెండు రైలు పట్టా ముక్కల మీద పడుకోబెట్టారు. నడుముకు గొలుసు చుట్టి, కింద జాకీ పెట్టి, గ్యాస్ మంటతో దోసకాయ రంగు వచ్చేదాకా కాల్చారు. సమ్మెట పట్టుకున్న కుర్రాడికి చుట్టూ టీ తాగుతున్న ఏడుగురు ఏకకాలంలో సలహాలిచ్చారు. ఆ ఏడుగురిలో ట్రక్కు ఉన్నవాడు ఒక్కడూ లేడు. పది దెబ్బలయ్యాక మేస్త్రీ అందరినీ పక్కకు జరగమని, నేలమీద మోకాలు వేసి, ఎడమకన్ను మూసి, ఇరుసు ఈ కొన నుంచి ఆ కొన దాకా చూశాడు. షెడ్డంతా నిశ్శబ్దం. “సూదిలా ఉంది బాబాయ్,” అన్నాడు. ఆ మూసిన కన్ను తెరిచి ఉంటే ఏం కనిపించేదో నాకు ఇప్పటికీ అనుమానమే. ఆ తర్వాత తీర్థం: ఎర్రటి ఇనుము మీద బకెట్టెడు నీళ్లు. చుయ్యిమని ఆవిరి లేచింది. ఏడుగురూ తృప్తిగా తలలూపారు.

అంతగా కాలిన ఉక్కు మీద చన్నీళ్లు పోస్తే పెళుసెక్కే ప్రమాదం ఉంది. పోయకుండా వదిలేస్తే మెత్తబడి, మళ్లీ అదే చోట కుంగవచ్చు. మేస్త్రీతో ఈ మాటే అన్నాను. “ముప్పై ఏళ్లుగా చేస్తున్నాం బాబాయ్, సెట్ అయిపోద్ది,” అన్నాడు. బిగించాక మళ్లీ దారం వదిలాను. మళ్లీ పడుకుంది.

కొత్త ఇరుసు వేయించాను. అదే మందం, అదే పొడవు, దాన్ని బిగించి పట్టుకునే కొత్త యూ బోల్టులు, బేరింగులు, గ్రీజు. పూట పని. నట్టు ఊడిపోకుండా పెట్టే స్ప్లిట్ పిన్ బదులు మేకు వంచి పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. మొదటి లోడు దించాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి అంటే, మేస్త్రీ నన్ను చదువుకున్నవాడిని చూసినంత జాలిగా చూశాడు. పాత ఇరుసును తూకానికి తీసుకుని బిల్లులో తగ్గించాడు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు.

నెల తర్వాత కాలువ గట్టు మీద నాట్లకు వెళ్లే ఆడవాళ్ల ట్రక్కు ఎదురొచ్చింది. నిలబడ్డవాళ్లు, పలకల మీద కూర్చున్నవాళ్లు, చంకలో పిల్లలతో ఉన్నవాళ్లు. చక్రాలు పైన లోపలికి వాలి ఉన్నాయి. ఆపి వంగి చూశాను. ఎర్ర రంగు పూసిన ఇరుసు. ఎడమ కొనన, రంగు కింద, మా నాన్న ఉలితో కొట్టించిన మా ఇంటిపేరు అక్షరం.

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడితే పదిహేను మంది పోయారు. అక్కడ వంగింది ఇరుసు కాదు, తెలుసు. కానీ సరుకు మోయడానికి చేసిన తొట్టిలో మనుషుల్ని కుక్కడం, దాని కింద తూకానికి అమ్మిన ఇనుము బిగించడం, పైన రంగు కొట్టడం, దీన్ని ఏమనాలిరా? ఇటుకకైతే రేటుంది, విరిగితే యజమాని అడుగుతాడు. వీళ్లు విరిగితే ఎవడు అడుగుతాడు? ఎక్స్‌గ్రేషియా ప్రకటించేవాడా?

డ్రైవర్ని దిగమన్నాను. చక్రం చూపించాను. వాడు చక్రం వైపు చూడలేదు, పొద్దు వైపు చూశాడు.

“టైమైపోతోంది బాబాయ్. మొన్నే సెట్ చేయించాం.”