ఆస్ట్రేలియా మూలవాసుల ఇళ్లు: అసలు లోపం మరమ్మతులోనే

ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో సాంటా తెరెసా అనే చిన్న ఊరుంది. అక్కడ ఉండేది దాదాపు అందరూ తూర్పు అరెర్న్టె మూలవాసులే. ఆ ఊళ్లో ప్రభుత్వ ఇంట్లో అద్దెకున్న ఒక పెద్దావిడ 68 నెలల పాటు వెనక తలుపు లేని ఇంట్లో గడిపారు. ఇంటి యజమాని మరెవరో కాదు, ఆ ప్రాంతాన్ని పాలించే నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వ గృహనిర్మాణ శాఖే. ఊళ్లోని చాలామంది అద్దెదారులు కలిసి వేసిన కేసు దేశ అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు దాకా వెళ్లింది. ఇంటిని భద్రంగా ఉంచనందువల్ల అద్దెదారు పడిన మనోవేదనకూ పరిహారం ఇవ్వాల్సిందేనని 2023 నవంబరులో తీర్పు వచ్చింది. అప్పటికి ఆమె లేరు. చనిపోయినవారి పేరు పలకకపోవడం అక్కడి చాలా సమాజాల ఆచారం కనుక నేనూ ఆమె పేరు రాయడం లేదు.

మూలవాసుల కోసం కట్టే ఇళ్లు, ఆసుపత్రులు వారి సంస్కృతికి తగినట్టు ఉండాలన్న వాదన ఆస్ట్రేలియాలో ఇప్పుడు బలంగా వినిపిస్తోంది. 2021లో సవరించిన ఆర్కిటెక్టుల జాతీయ అర్హతా ప్రమాణాల్లో మూలవాసుల నేల గురించిన అవగాహన కూడా చేరింది. ఇది మంచి మార్పే, ఎన్నడో రావలసిన మార్పు. అయితే ఈ చర్చ ఎక్కువగా భవనం ఆకృతి చుట్టూ, ముఖద్వారం మీది చిత్రాల చుట్టూ, ప్రారంభోత్సవం నాటి ఫొటోల చుట్టూ తిరుగుతున్నదన్నది నా ఫిర్యాదు. సంస్కృతుల మధ్య తేడా అన్నిటికన్నా కఠినంగా బయటపడే చోటు స్నానాల గది. అక్కడ షవర్ పనిచేస్తుందా, పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎన్నాళ్లకు చేస్తారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పలేని డిజైన్‌ను, అది ఎంత అందంగా ఉన్నా, మూలవాసులకు తగిన డిజైన్ అని నేను ఒప్పుకోను.

నేపథ్యం తెలిసినదే. 1950లు, 60లలో ప్రభుత్వాలు మూలవాసులకు 'పరివర్తన గృహాలు' కట్టించాయి. మొదటి దశలో ఒక గది, ఒక వరండా. అందులో 'సరిగా' బతకడం నేర్చుకున్న కుటుంబానికి తర్వాతి దశ ఇల్లు. ఎడారి ఎండలో ఆ రేకుల ఇళ్లు పొయ్యిలా కాగిపోయేవి. ఇంటిని ఒక పరీక్షగా, అందులో ఉండేవారిని ఉత్తీర్ణులు కావలసిన విద్యార్థులుగా చూసిన ఆ దృష్టి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఇల్లు పాడైందనగానే 'వాళ్లే పాడుచేసి ఉంటారు' అనుకునే అలవాటుకు మూలం అక్కడే ఉంది.

ఆకృతి ముఖ్యం కాదని నేను అనడం లేదు. చాలా మూలవాసీ సమాజాల్లో అత్తా అల్లుళ్లు ఎదురుపడకూడదు, ఒకరి మొహం ఒకరు చూడకూడదు. అలాంటప్పుడు ఒకే ఇరుకు దారి, ఒకే ద్వారం, అందరూ ఎదురెదురుగా కూర్చోవలసిన ఒకే వెయిటింగ్ హాలు ఉన్న క్లినిక్కు కట్టామంటే, కొందరు రోగులను గుమ్మం నుంచే వెనక్కి పంపించినట్టు. అల్లుడు లోపల కూర్చుని ఉన్నాడని చూసిన అత్త, జ్వరంతో ఉన్న పిల్లవాణ్ని ఎత్తుకుని ఎండలో చెట్టు కింద నిలబడుతుంది. పేరు పిలిచినప్పుడు వినిపించదు. రికార్డులో మాత్రం 'రోగి హాజరు కాలేదు' అని పడుతుంది. రెండు ద్వారాలు, నీడ ఉన్న ఆవరణ, వచ్చేవారెవరో దూరం నుంచే కనిపించేలా తెరిచిన వైపు ఉంటే ఈ చిక్కు తీరుతుంది. ఇంట్లో ఎవరైనా చనిపోతే కుటుంబం ఆ ఇల్లు వదిలి కొంతకాలం వేరే చోట ఉండడం, తిరిగి వచ్చేముందు ఆకుల పొగ వేసి ఇంటిని శుద్ధి చేయడం కూడా చాలాచోట్ల ఆనవాయితీ. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పాల్ మెమట్, ఆయన సహచరులు దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే: మూలవాసుల బంధుత్వాలు, వారి నడవడి తెలియనిదే గోడ ఎక్కడ పెట్టాలో తెలియదు.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. నార్తర్న్ టెరిటరీ ఉత్తర తీరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లోని యిర్‌కాలలో 1994లో పూర్తయిన మారికా–ఆల్డర్టన్ ఇంటిని ఆర్కిటెక్ట్ గ్లెన్ మర్కట్ అద్దాల కిటికీలే లేకుండా, ప్లైవుడ్ తలుపు పలకలతో, నేలకు ఎత్తుగా, సముద్రపు గాలి ఈ చివరి నుంచి ఆ చివరికి సాగిపోయేలా కట్టారు. లోపలివారికి బయట జరిగేదంతా కనిపిస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియా కింబర్లీ ప్రాంతంలోని వార్మున్ 2011 వరదలో కొట్టుకుపోయిన తర్వాత, గీజా ప్రజల వృద్ధుల కోసం కట్టిన వలుంబా కేంద్రంలో ఆడవారికి, మగవారికి వేర్వేరు చోట్లు, సంప్రదాయ క్రతువులకు స్థలం ఏర్పాటు చేశారు. వృద్ధులు తమ జ్ఞానాన్ని పిల్లలకు అందించడానికి వీలుగా దాన్ని బడికి దగ్గరలోనే కట్టారు. వీటిని చూసి గర్వపడవచ్చు. కానీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోగలిగే ఈ భవనాలకూ, వేల సంఖ్యలో ఉన్న మామూలు ఇళ్లకూ మధ్య ఉన్న దూరమే అసలు సమస్య.

ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది 1985లో దక్షిణ ఆస్ట్రేలియా వాయవ్య మూలన, పిట్జంట్జాట్జరా ప్రజల భూముల్లో మొదలైన పని. అక్కడి మూలవాసీ ఆరోగ్య సంస్థ న్గనంప హెల్త్ కౌన్సిల్‌కు అప్పుడు యామీ లెస్టర్ సారథ్యం వహిస్తున్నారు. 1953లో బ్రిటన్ ఆస్ట్రేలియా ఎడారిలో జరిపిన ఎము ఫీల్డ్ అణుపరీక్షల తర్వాత చూపు పోగొట్టుకున్న మనిషి ఆయన. క్లినిక్కులు పెరుగుతున్నాయి, వైద్యులు వస్తున్నారు, అయినా జబ్బులు తగ్గడం లేదెందుకని ఆయన ముగ్గురిని అడిగారు: వైద్యుడు పాల్ టోర్జిలో, ఆర్కిటెక్ట్ పాల్ ఫోలెరోస్, పర్యావరణ ఆరోగ్య నిపుణుడు స్టీఫన్ రైనో. జనం జబ్బు పడకుండా ఆపే దారి చెప్పండి అన్నదే వారికి అప్పగించిన పని. 1987లో వచ్చిన వారి నివేదిక (పిట్జంట్జాట్జరా భాషలోని పేరుకు పొట్టి రూపంగా దాన్ని యూపీకే అంటారు) తొమ్మిది పనులను వరస క్రమంలో పెట్టింది. మొదటిది పిల్లలకు, పెద్దలకు ఒళ్లు కడుక్కునే వీలు. తర్వాత బట్టలు, పక్కలు ఉతుక్కోవడం, మురుగు సురక్షితంగా బయటికి పోవడం, ఆహారం నిల్వచేసుకుని వండుకోవడం. ఆపైన కిక్కిరిసి ఉండడం, జంతువులు, పురుగులు, దుమ్ము, వేడి చలి, చిన్న చిన్న గాయాలు, వీటి బెడద తగ్గించడం.

ఈ వరస వెనక ఉన్న వైద్యం సూటిగా ఉంటుంది. చంటిపిల్లల మొహం రోజూ కడగడానికి నీళ్లు లేకపోతే ట్రకోమా అనే కంటిజబ్బు ఒకరి కంటి నుంచి మరొకరికి అంటుతుంది, మళ్లీ మళ్లీ సోకితే రెప్ప లోపలికి ముడుచుకుని చివరికి చూపు పోతుంది. సంపన్న దేశాలన్నిటిలోనూ ఈ జబ్బు చాలా కాలం వదలకుండా ఉండిపోయింది ఆస్ట్రేలియాలోనే, అదీ మూలవాసుల ఊళ్లలోనే. గజ్జి పుండ్లలో, గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా కీళ్లవాత జ్వరానికీ, దాని నుంచి గుండె కవాటాలు దెబ్బతినడానికీ దారితీస్తుంది. శస్త్రచికిత్స దాకా వెళ్లే ఆ గుండెజబ్బు కథ చాలాసార్లు నీళ్లు రాని షవర్ దగ్గర మొదలవుతుంది.

ఆ ముగ్గురూ స్థాపించిన హెల్త్‌హ్యాబిటాట్ సంస్థ ఇంటింటికీ వెళ్లి సుమారు 250 అంశాలను పరీక్షించే పద్ధతి తయారుచేసింది. మీట వేస్తే దీపం వెలుగుతుందా, ప్లగ్గు ముట్టుకుంటే షాక్ కొడుతుందా, వేడినీళ్లు వస్తున్నాయా, నేల మీద పోసిన నీళ్లు తూములోకి వెళ్తున్నాయా లేక మూలన నిలిచిపోతున్నాయా అని చూస్తారు. పెన్నూ కాగితంతో చూసి రాసుకుని వెళ్లిపోవడం ఉండదు; సరిచేసే పనిముట్లు వెంట లేకుండా సర్వేకు రాకూడదన్నది వారి నియమం, బాగుచేయడం మొదటి రోజే మొదలవుతుంది. పనిచేసేవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది స్థానిక మూలవాసులే. ఇలా వేలాది ఇళ్లు చూశాక తేలిన లెక్క, ఆస్ట్రేలియాలో ప్రతి మంత్రి గదిలో గోడ మీద రాసి ఉంచదగినది: చెడిపోయినవాటిలో దాదాపు 70 శాతానికి కారణం మామూలు నిర్వహణ లేకపోవడం, సుమారు 20 శాతానికి కట్టినప్పుడే చేసిన తప్పు పని, ఇంట్లో ఉండేవారి వల్ల పాడైనవి 10 శాతం లోపే.

తప్పు పని అంటే ఏమిటో దగ్గర నుంచి చూడాలి. స్నానాల గది నేలను తూము వైపు వాలుగా పోయాలి. వాలు తప్పితే, నీళ్లు నిలుస్తాయి, నాచు పడుతుంది, పిల్లవాడు జారుతాడు, ఆ గదిని వాడడం మానేస్తారు. ఎడారి బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. అవి హీటరు లోపల, కుళాయి వాషర్ల దగ్గర సున్నంలా పేరుకుంటాయి. నగరంలో ఏళ్ల తరబడి పనిచేసే హీటరు అక్కడ తొందరగా చెడిపోతుంది. ఆ నీళ్లకు ఏ కుళాయి తట్టుకుంటుందో ఎంచడం కూడా ఆర్కిటెక్ట్ పనే అని ఫోలెరోస్ నమ్మారు, జీవితాంతం అదే చేశారు. న్యూ సౌత్ వేల్స్ ఆరోగ్య శాఖ 1998 నుంచి పదేళ్ల పాటు ఈ పద్ధతిలో ఇళ్లు బాగుచేయించి ఫలితాలు లెక్కచూస్తే, అంటువ్యాధులతో ఆసుపత్రిలో చేరేవారు, ఈ పని జరగని గ్రామీణ మూలవాసులతో పోలిస్తే 40 శాతం తక్కువగా తేలారు. ప్లంబరు, ఎలక్ట్రీషియన్ చేసిన పనికి ఇంత ఆరోగ్య ఫలితం వచ్చిందని చదివిన రోజు నుంచి భవనాలను నేను చూసే చూపే మారిపోయింది.

ఇళ్లు ఆయా సంస్కృతులకు తగినట్టు ఉండాలన్న వాదనకు అభ్యంతరం చెప్పేవారి మాట కొట్టిపారేయదగినది కాదు. ఆస్ట్రేలియాలో తెల్లవారు వచ్చేనాటికి 250కి పైగా భాషలున్నాయి, ఒక్కో సమాజానిది ఒక్కో పద్ధతి. ప్రతి ఊరికీ వేరే నమూనా గీయిస్తే ఖర్చు పెరిగి ఇళ్ల సంఖ్య తగ్గుతుందని వారంటారు. అందరిలాంటి మామూలు ఇల్లే కావాలనే మూలవాసీ కుటుంబాలూ ఉన్నాయని గుర్తుచేస్తారు. నిజమే. కానీ పెద్ద ఎత్తున, త్వరగా నిర్మాణం అన్న దారిని కూడా ప్రభుత్వం నడిచి చూసింది. 2008లో నార్తర్న్ టెరిటరీలో 67.2 కోట్ల డాలర్లతో, 750 కొత్త ఇళ్ల లక్ష్యంతో మొదలైన పథకం మరుసటి ఏడాది నడిమికి ఒక్క ఇల్లూ పూర్తిచేయలేక రాజకీయ దుమారానికి కారణమైంది. ఆదా అవుతుందన్న డబ్బు పరిపాలనా ఖర్చుల్లోకి వెళ్లిందన్న విమర్శ అప్పుడే వచ్చింది.

ఇక్కడ నేను తరచూ చెప్పే మాటకే మళ్లీ వస్తాను, అది ఒక్క ఆస్ట్రేలియాకే పరిమితమైన మాట కూడా కాదు. ప్రభుత్వాలకు కట్టడమంటే ఇష్టం, బాగుచేయడమంటే విముఖత. కొత్త భవనానికి శిలాఫలకం ఉంటుంది, రిబ్బను ఉంటుంది. మార్చిన వాషరుకు అవేవీ ఉండవు. నిర్మాణం ఒక పద్దు కింద, నిర్వహణ వేరే పద్దు కింద ఉంటాయి. ఆ రెండో పద్దుకే కోతలు పడతాయి. ఈ నిర్లక్ష్యం బలవంతుడి ఇంటికి తగలదు, ఎందుకంటే అతను ప్లంబరును తానే పిలుచుకోగలడు. వందల కిలోమీటర్ల అవతల ఎడారిలో ఉన్న అద్దెదారుకు ఆ వీలు లేదు. కనుక మరమ్మతు ఎవరి చేతిలో ఉందన్నది అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నే.

విద్యుత్తు సంగతి చూడండి. నార్తర్న్ టెరిటరీలోని మారుమూల ఊళ్ల ఇళ్లలో చాలావరకు ప్రీపెయిడ్ మీటర్లే ఉంటాయి. డబ్బు అయిపోతే కరెంటు పోతుంది. 28 ఊళ్లలో దాదాపు 3,300 ఇళ్ల వివరాలు పరిశీలించిన అధ్యయనంలో, 2018–19లో 91 శాతం ఇళ్లకు కనీసం ఒక్కసారైనా, 74 శాతం ఇళ్లకు పదిసార్లకు పైగా కరెంటు పోయినట్టు తేలింది. ఎండ మండిపోతున్న రోజుల్లో ఫ్రిజ్ ఆగితే అందులోని ఇన్సులిన్, పాలు ఏమవుతాయో వేరే చెప్పనక్కరలేదు. గాలి ఆడని కాంక్రీటు దిమ్మె ఇల్లు కట్టి, దాన్ని చల్లబరిచే ఖర్చును పేద అద్దెదారు మీద వేయడం డిజైన్ తప్పిదమే. అదే నార్తర్న్ టెరిటరీలోని టెనెంట్ క్రీక్ పట్టణంలో వారుముంగు మూలవాసుల నాయకుడు నార్మన్ ఫ్రాంక్ జుపురులా, విల్యా జంటా సంస్థ ద్వారా తమ ఇళ్లు తామే రూపొందించుకుంటామని అంటున్నది అందుకే.

నిర్ణయం ఊరివారి చేతికి వచ్చినప్పుడు ఏమవుతుందో పశ్చిమ ఎడారి పింటుపి ప్రజలు చూపించారు. మూత్రపిండాలు చెడినవారు డయాలసిస్ కోసం తమ నేల వదిలి ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్లి, అక్కడే ఒంటరిగా పోతున్న రోజుల్లో, 2000లో వారు తమ చిత్రాలను సిడ్నీలో వేలం వేసి పది లక్షల డాలర్లకు పైగా సమకూర్చుకున్నారు. 2004లో సొంత ఊరు కింటోర్‌లోనే డయాలసిస్ మొదలైంది. పర్పుల్ హౌస్ అని అందరూ పిలిచే వారి సంస్థ ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఒక మామూలు ఇంట్లో నడుస్తుంది. పెరట్లో నిప్పు చుట్టూ కూర్చోవచ్చు, వండుకోవచ్చు, బంధువులతో ఉండవచ్చు. పెద్దాసుపత్రుల నుంచి వైద్యం ముగియకుండానే వెళ్లిపోయే మూలవాసుల సంఖ్య మిగతావారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువని తలపట్టుకునే అధికారులు ఆ పెరట్లో ఒక పూట కూర్చుంటే మంచిది.

2024 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం, నార్తర్న్ టెరిటరీ కలిసి పదేళ్లలో 400 కోట్ల డాలర్లతో మారుమూల ఊళ్లలో 2,700 ఇళ్లు కడతామని ప్రకటించాయి. ఈ డబ్బుతో పాటే మూడు విషయాలు ఒప్పందాల్లో రాతపూర్వకంగా ఉండాలి: కుళాయి కారిన రోజున ఫోను ఎవరికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో మనిషి రావాలి, ఆ వచ్చే మనిషి అదే ఊరివాడై, శిక్షణ పొంది, నెలనెలా జీతం తీసుకుంటున్నాడా. వరండా ఎంత వెడల్పు ఉండాలి, రెండో ద్వారం ఏ వైపు తెరవాలి అని ఊరి పెద్దలతో కూర్చుని మాట్లాడే సమావేశంలోనే ఆ మరమ్మతు బృందం పదేళ్ల జీతాల పద్దు కూడా బల్ల మీద ఉండాలి.