డబ్బా గారూ, మా ఆల్చిప్పలు ఎలా ఉన్నాయి?

మహారాజశ్రీ విమానాశ్రయం సెక్యూరిటీ దగ్గర, ప్రయాణికుల నుంచి లాక్కున్న సరుకు పడేసే డబ్బా గారి సముఖానికి,

నెల్లూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా చెన్నై అయనావరంలో కాపురం ఉంటున్న ఒక రిటైర్డు బ్యాంకు గుమాస్తా నమస్కరించి చేసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి అని రాయడం ఆచారం కాబట్టి రాశాను గానీ, మీ కుశలం నేను అడగాలా? మీరు తినే తిండి తింటే రాయికైనా ఒళ్ళొస్తుంది.

నన్ను మీరు గుర్తుపట్టకపోవచ్చు. ఎక్స్‌రే మిషన్ అవతల, ఒక చేత్తో బెల్టు, ఇంకో చేత్తో జారిపోతున్న ప్యాంటు పట్టుకుని, మీ నోటి వంకే చూస్తూ నిలబడిపోయిన బట్టతల మనిషిని నేనే. వెనకవాళ్ళు "అంకుల్, ట్రే తీయండి" అని మూడుసార్లు అన్నాక గానీ కదల్లేదు.

కొత్త అల్లుడికి కూడా మీకు జరిగే మర్యాద జరగదండీ. అత్తగారు కాచి వడగట్టి కట్టిచ్చిన నెయ్యి, అల్లుడి కంటే ముందు మీకు ముడుతుంది. కొత్తావకాయ మొదటి ముద్ద ఎవరిదన్న దాని మీద మా ఇంట్లో ఏటా గొడవే. మొన్న వేసవిలో ఆ గొడవ లేకుండా జాడీ మొత్తం మీరే తేల్చేశారు. గోంగూర, చింతకాయ, ఉసిరికాయ, పండుమిర్చి... మీ కడుపులో ఉన్నన్ని జిల్లాలు రాష్ట్రం మ్యాపులో కూడా ఉండవు.

మీ జాతకం నాకు తెలుసు లెండి. 2006 ఆగస్టు 10న బ్రిటన్‌లో పోలీసులు కొంతమందిని పట్టుకున్నారు. కూల్‌డ్రింకు సీసాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసిన సరుకు నింపి, అట్లాంటిక్ దాటే విమానాల్లో పేల్చాలని వాళ్ళ పథకం. పట్టుకోవడం మంచిదైంది, ఎవరు కాదన్నారు? ఆ ఏడు తిరక్కుండానే, చేతిసంచిలో తెచ్చే ద్రవం సీసా ఏదీ వంద మిల్లీలీటర్లు దాటకూడదన్న లెక్క ఐరోపాలో వచ్చింది, తర్వాత ఊరూరా పాకింది. దానికి కారణమూ సబబైనదే. పాతరకం ఎక్స్‌రేకి మంచినీళ్ళూ పెరాక్సైడూ ఒకేలా కనిపిస్తాయట. (మా ఆవిడ చారూ, మంచినీళ్ళూ కూడా ఒకేలా కనిపిస్తాయి. ఈ ముక్క ఇంట్లో అనలేదు, మీతోనే చెబుతున్నా.) నాకు అర్థం కానిది ఒక్కటే. ఇది బాంబేమో అని అనుమానం వచ్చిన సీసాని, రెండొందలమంది బెల్టులు విప్పుకుని నిలబడ్డ చోటే, ధన్‌మని మీ నోట్లో పడేస్తారు. నిజంగా బాంబే అనుకుంటే అలా విసురుతారా ఎవరైనా?

సరే, అసలు సంగతికి వస్తాను.

రిటైరయ్యాక కొందరికి భక్తి పట్టుకుంటుంది, కొందరికి షేర్ మార్కెట్. నాకు ఆల్చిప్పలు పట్టుకున్నాయి. మా ఆవిడ వాటిని "మీ రాళ్ళు" అంటుంది. మా అమ్మాయి బెంగళూరులో, ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటుంది. నా వంట తిని బాగుందనే మనిషి ఈ భూమ్మీద అదొక్కతే. "మోకాళ్ళ నొప్పులతో రైలెందుకు నాన్నా, విమానం గంటే కదా" అని అదే టికెట్ కొని పంపుతుంది. విమానం గంటే, నిజమే. దానికి ముందు రెండు గంటలు మీ దగ్గర, దిగాక దేవనహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఇంకో రెండు గంటలు. ఆ లెక్క టికెట్ మీద ఉండదు.

మొదటిసారి ఆయిస్టర్ సాస్ తీసుకెళ్ళాను. 1888లో చైనాలో, గ్వాంగ్‌డాంగ్ వైపు, లీ కుమ్ షుంగ్ అనే చిన్న హోటలాయన ఆల్చిప్పలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతే, అవి మరిగి మరిగి నల్లటి పాకమై ఆ సాస్ పుట్టిందని కథ చెబుతారు. ఆయన పొయ్యి మీద మర్చిపోతే వంశం మొత్తం కోటీశ్వరులైంది. నేను పాలు మర్చిపోతే ఏమైందో మా వీధంతా విన్నది. ఆ సాస్ సీసా 510 గ్రాములది. అందులో మిగిలింది నాలుగు చెంచాలు. "సార్, సీసా పెద్దది" అన్నాడు యూనిఫాం అబ్బాయి. "లోపల ఉన్నది చూడు బాబూ" అన్నాను. లోపల ఎంతుందో చూడరట, సీసా ఎంత పడుతుందో చూస్తారట! రూలు అలాగే ఉంది, అతన్ని అని లాభం లేదు. ఆ లెక్కన మా బావమరిది బుర్రని ఏ దేశంలోనూ విమానం ఎక్కనివ్వరు.

మీకు సమర్పించడానికి మనసొప్పలేదు. అక్కడే మూత తీసి, నాలుగు చెంచాలూ నోట్లో ఒంపుకున్నాను. ఉప్పు సముద్రం గొంతులో దిగినట్టయింది. అబ్బాయి ఖాళీ సీసా చూసి, "ఇప్పుడు ఓకే సార్" అని పంపేశాడు. అదే సాస్, అదే మనిషి, అదే విమానం. సీసాలో ఉంటే ప్రమాదం, నాలో ఉంటే ప్రయాణికుడు.

రెండోసారి అసలు ఆల్చిప్పలే తీసుకొచ్చాను. ఆ రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఊరగాయలు చాలా చూసి ఉంటారు గానీ, ప్రాణాలతో మీ దగ్గరికి వచ్చిన తిండి అదే మొదటిసారి కావచ్చు.

తెల్లారకముందే పులికాట్ వెళ్ళాను. డచ్చివాళ్ళ సమాధులు దాటి ఒడ్డుకి వెళితే, పడవ నుంచి అప్పుడే దించిన ఆల్చిప్పలు, బురదతో, ఒకదానికొకటి అతుక్కుని గుత్తులుగా ఉన్నాయి. ఇవి ముత్యాలవి కావు, తినేవి. వీటికి 1916లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్. ఊరు 1996లో చెన్నై అయిపోయినా, చాలా పుస్తకాల్లో ఇవి ఇంకా మద్రాసువాళ్ళే. అంటే నాకంటే పాత కాపురం. పద్దెనిమిది ఏరుకున్నాను. బ్రష్‌తో తోమి, తడి గోనెలో చుట్టి, అడుగున ఐసు పరిచి, థర్మోకోల్ పెట్టెలో సర్దాను.

చెకిన్ కౌంటర్ దగ్గర పిల్ల మర్యాదగానే చెప్పింది. "సార్, చుక్క కూడా కారకూడదు. గాలి దూరకుండా ప్యాక్ చేసి తెస్తేనే లగేజీలో వేస్తాం." గాలి దూరకుండా కడితే ఇవి చచ్చిపోతాయమ్మా అన్నాను. చచ్చిన ఆల్చిప్ప తినకూడదు, అది వంట చేసేవాడు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం. ఆ పిల్ల కంప్యూటర్ వైపు చూసింది. అందులో "బతికున్న కూర" అనే గడి లేదు. దాంతో పెట్టె నా చేతిలోనే మిగిలింది, మీ గుమ్మం దాకా వచ్చింది.

ఎక్స్‌రే తెర మీద ఒక చిత్రం కనిపించింది డబ్బా గారూ, మీరు కింద ఉంటారు కాబట్టి మీకు కనిపించదు. తిండీ బట్టా లాంటివి ఆ తెర మీద నారింజ రంగులో పడతాయి, ఇనుమూ గినుమూ నీలంగా, మధ్యరకం పచ్చగా. మా ఆల్చిప్పలు పద్దెనిమిది పచ్చటి రాళ్ళలా పడ్డాయి, ఒక్కో రాయి నడుమ చిన్న నారింజ దీపం. ఎంత బాగున్నాయో! తెర ముందు కూర్చున్నాయనకి బాగుండలేదు. బెల్టు ఆపేశాడు.

"యే క్యా హై?"

నా హిందీ బ్యాంకులో హిందీ పక్షోత్సవాలకి నేర్చుకున్నది. "సీప్ హై సాబ్" అన్నాను.

"మోతీ వాలా?"

ముత్యాలుంటే నేను ఈ టికెట్‌లో ఎందుకు వెళతాను స్వామీ! అది హిందీలో రాలేదు. ఇంతలో ఇంకో అబ్బాయి వచ్చాడు, కేరళలో కొల్లం పక్కవాడు. పెట్టె మూత తీయగానే అతని ముఖం వెలిగిపోయింది. అక్కడ అష్టముడి సరస్సు నిండా ఇవేనట. "ఎలా వండుతారు సార్?" అన్నాడు అరవంలో. చింతపండు పులుసు అన్నాను. "కొబ్బరి వెయ్యకుండానా?" అని జాలిపడ్డాడు. "చింతపండు లేకుండా ఎలా మింగుతారయ్యా?" అని నేనూ జాలిపడ్డాను. వెనక లైను మెట్ల దాకా పెరిగింది.

అసలు చిక్కు ఐసుతో వచ్చింది. ఈ ఐసు న్యాయం అమెరికాలో రాతలోనే ఉంది: జెల్ ప్యాక్ రాయిలా గడ్డకట్టి ఉంటే వదులుతారు, సగం కరిగితే అది ద్రవం, వంద మిల్లీలీటర్ల లెక్క మొదలు. ఇంట్లో బయల్దేరినప్పుడు నాది ఘనపదార్థమే. చెన్నై ఎండలో, ఓలా కారు డిక్కీలో, దాని జాతి మారిపోయింది. ఆ నీళ్ళు పారబోస్తానన్నాను. సరే అన్నారు. "మరి చిప్పల్లో నీళ్ళు?" అన్నాడు మొదటాయన.

ఇక్కడ నా జీవితంలోకెల్లా గొప్ప వాదన చేశాను. "అయ్యా, ఒక్కో చిప్పలో రెండు చెంచాల సముద్రం ఉంటుంది, అంతే. ప్రతిదీ విడివిడి పాత్ర, ఏదీ వంద మిల్లీలీటర్లు దాటదు. మూతలు మీరూ నేనూ కలిసి లాగినా రావు. అన్నీ కలిపినా లీటరుకి చాలా తక్కువ. కావాలంటే అన్నిటినీ పారదర్శకమైన కవర్లో వేసి చూపిస్తాను. మీ రూలు పుట్టకముందు నుంచే ఇవి మీ రూలు పాటిస్తున్నాయి." కొల్లం అబ్బాయి పగలబడి నవ్వాడు. మొదటాయన కూడా మీసం కింద కొంచెం మెత్తబడ్డాడు. గెలిచేశాను అనుకున్నాను.

అప్పుడు గోనె మడతలోంచి చాకు బయటపడింది.

ఆల్చిప్పలు తెరిచే చాకు అది, మా మేనల్లుడు తెచ్చిచ్చాడు. పొట్టిది, మందంగా ఉంటుంది, అంచు మొద్దు. దాంతో టమాటా కూడా కొయ్యలేం. అయినా పేరు చాకే కదా. ఇక ఎవరూ నవ్వలేదు. చాకుతో పాటు పెట్టె మీద కూడా నమ్మకం పోయింది. తడి సరుకు, కారుతోంది, వాసన... ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి వాళ్ళకి. కొల్లం అబ్బాయి "సారీ సార్" అంటూనే పెట్టె ఎత్తి మీకు అప్పగించాడు. పడేయలేదు, మెల్లగా దించాడు. ఆ మాట చెప్పుకోవాలి.

అమ్మాయి ఫోన్‌లో ఓదార్చింది. శబరిమల ఇరుముడిలో కొబ్బరికాయని క్యాబిన్‌లోకి రానివ్వకపోతే భక్తులు అడిగారనీ, 2024 అక్టోబర్‌లో మన శ్రీకాకుళం ఆయన, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడే ఆ సీజన్ వరకు, 2025 జనవరి 20 దాకా, అనుమతి ఇప్పించారనీ గుర్తుచేసింది. "నువ్వూ అర్జీ పెట్టు నాన్నా." కొబ్బరికాయ వెనక అయ్యప్ప ఉన్నాడు తల్లీ. ఆల్చిప్ప వెనక నేనొక్కణ్ణే ఉన్నాను.

విమానంలో కూర్చున్నాక ఇంకో సంగతి తట్టింది. మీరూ ఆల్చిప్పా ఏకగోత్రీకులు. ఇద్దరూ ఒకచోట అతుక్కుని కూర్చుంటారు. నోరు తెరిస్తే చాలు, ముందునుంచి పోయేదంతా వడపోతే. అది నీళ్ళని వడగట్టి శుభ్రంగా వదిలేస్తుంది, మీరు మమ్మల్ని వడగట్టి వదిలేస్తారు. అందుకే అడుగుతున్నాను: చుట్టాలొచ్చారని వాటికి కాస్త మర్యాద చేశారా, లేక మీకు అవీ ఇంకో పెరుగు డబ్బాలాంటివేనా?

మూడోసారి మా ఆవిడ మాట విన్నాను. తెల్లవారుజామున సెంట్రల్‌లో వందే భారత్ ఎక్కాం. స్టేషన్లోనూ ఎక్స్‌రే మిషన్ ఉంది గానీ దాని పక్కన మీలాంటివారు ఎవరూ లేరు. తడి గోనె కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. పక్కసీటాయన "చేపలా?" అన్నాడు. "చుట్టాలు" అన్నాను. నాలుగున్నర గంటల్లోపే బెంగళూరు.

వంటింట్లో మనవరాలు స్టూలెక్కి, నోరు కొంచెం తెరిచిన ఒక చిప్పని చెంచాతో టకటకా కొట్టింది. అది చప్పున మూసుకుంది. "తాతయ్యా, తలుపేసుకుంది!" తలుపేసుకుంటే బతికున్నట్టు, కూరలో వెయ్యొచ్చు. కొట్టినా మూసుకోని రెండిటిని పక్కన పడేశాం. మిగతావి వెడల్పు గిన్నెలో ఆవిరికి పెడితే ఒక్కొక్కటే టప్‌మని విచ్చుకున్నాయి. మొండికేసిన ఒకటి కూడా బయటికే. అడుగున దిగిన నీళ్ళని ఇసుక లేకుండా గుడ్డలో వడకట్టి దాచాను, రుచంతా అందులోనే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేగాక చింతపండు పులుసు, మా నెల్లూరు పద్ధతిలో నాలుగు మామిడికాయ ముక్కలు, ఆ వడకట్టిన నీళ్ళు. ఉప్పు చూసుకుని వేయాలి, సముద్రం ముందే వేసి పంపింది. కండ మాత్రం చివరి మూడు నాలుగు నిమిషాల్లోనే. ఇంకొంచెం ఉంచితే రబ్బరు.

అమ్మాయి రెండోసారి వడ్డించుకుంది. మా ఆవిడ "రాళ్ళు ఫరవాలేదు" అంది. ఆ మాట స్టాంపు పేపరు మీద రాయించుకుందామనుకున్నాను.

ఇట్లు,
మీ పాత బాకీదారు

తా.క.: ఆ చాకు ఇంకా మీ దగ్గరే ఉంటే ఎవరితోనైనా పంపించగలరు. దాంతో మీరు ఎవర్నీ ఏమీ చేయలేరు, ఆల్చిప్పల్ని తప్ప. వాటిని మీరు తెరిచి కూడా చూసి ఉండరు.