మనోచికిత్స ఆఖరి మజిలీ కారాదు

నడుం నొప్పితో ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగినవారిని కదిపితే వినిపించే వరస దాదాపు ఒకటే. ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూది మందు, తర్వాత ఎముకల డాక్టరు, ఎంఆర్‌ఐ, నడుముకు బెల్టు, నరాల డాక్టరు, మళ్లీ బిళ్లలు. అన్నీ అయ్యాక ‘ఓసారి సైకియాట్రిస్టుకు చూపించండి’ అంటారు. అప్పటికి ఆ మాట నిందలాగే తోస్తుంది. ‘నాకేమన్నా పిచ్చా?’ అని రోగి కుమిలిపోతారు. ‘ఇన్నాళ్లూ నాటకమేనా?’ అని ఇంట్లోవాళ్లు అనుమానపడతారు. ఎంతోమందికి పనికొచ్చే మనోచికిత్స ఇలా గుమ్మంలోనే ఓడిపోతోంది.

మూడు నెలలు దాటినా తగ్గని, లేదా తిరగబెడుతూ ఉండే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పి అంటుంది. దెబ్బ మానిపోయినా నాడీవ్యవస్థ ఆ హెచ్చరికను ఆపకపోవచ్చు. వెన్నుపాములో సంకేతాల తీవ్రతను పెంచే, తగ్గించే ఏర్పాటు ఉందని, దానిపై మెదడు ప్రభావం కూడా ఉంటుందని నొప్పిపై పరిశోధన చేసిన మెల్జాక్, వాల్ 1965లోనే ప్రతిపాదించారు. భయం, నిద్రలేమి, దిగులు ఆ తీవ్రతను పెంచుతాయి. నొప్పి కల్పితమని దీని అర్థం ఎంతమాత్రం కాదు. స్కాన్ సైతం ఎప్పుడూ పూర్తి కథ చెప్పదు. నడుం నొప్పి లేని యాభై ఏళ్లవారిని స్కాన్ చేసినా దాదాపు 60 శాతం మందిలో డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. ఈ సంగతి చెప్పకుండా ‘డిస్కు జారింది, జాగ్రత్త’ అని రిపోర్టు చేతిలో పెట్టడంతోనే సగం భయం మొదలవుతోంది.

మనోచికిత్సకు పంపే ముందు డాక్టరు తేల్చాల్సినవి కొన్ని ఉన్నాయి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, కాళ్లలో పెరుగుతున్న బలహీనత, మలమూత్రాలపై పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి. వీటిలో ఏది ఉన్నా ముందు దాని సంగతే చూడాలి.

అవేవీ లేవని తేలాక చేసే మనోచికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్స. ఇది సాధారణంగా వారానికి ఒకటి చొప్పున 8 నుంచి 12 సిట్టింగులు. అందులో అతి ముఖ్యమైనది, మన దగ్గర అతి తక్కువగా నేర్పేది, పనిని కొలిచి చేయడం. బీడీలు చుట్టే మహిళనే తీసుకుందాం. వెయ్యి బీడీలకు ఇంతని కూలీ. నొప్పి కాస్త తెరిపి ఇచ్చిన రోజున వెనకబడిన లెక్కంతా పూడ్చాలని లేవకుండా కూర్చుంటుంది, తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. థెరపిస్టు ముందుగా మూడు రోజులపాటు నొప్పి పెరగకముందు ఎంతసేపు కూర్చోగలుగుతోందో రాయిస్తారు. 40, 25, 25 నిమిషాలు అనుకుందాం, సగటు 30. అందులో అయిదో వంతు తగ్గిస్తే 24. ఇకపై 24 నిమిషాలకు, నొప్పి ఉన్నా లేకున్నా, లేచి నాలుగడుగులు వేసి రావాలి. వారం నిలకడగా సాగితే పదో వంతు పెంచి 26 చేస్తారు. నొప్పిని బట్టి ఆగితే మెదడు మళ్లీ నొప్పికే కాపలా కాస్తుంది. గడియారాన్ని బట్టి ఆగితే ఆ కాపలా మెల్లగా సడలుతుంది. బాగున్న రోజున ఆపడమే ఇందులో కష్టం. కూలీ తగ్గుతుందన్న భయాన్ని పట్టించుకోని థెరపిస్టు మాట అక్కడ చెల్లదు.

మిగతావీ అంతే పట్టుగా సాగాలి. ‘ఇక నేను మంచాన పడినట్టే’ అన్న ఆలోచనను కాగితం మీద పెట్టి, దానికి ఆధారమేమిటో చూసుకోవడం, రోజూ ఒకే వేళకు నిద్ర లేవడం, వంగడానికి భయపడేవారిని కొద్దికొద్దిగా వంగేలా చేయడం, నొప్పి ఎగదన్నిన రోజున ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవడం. ఇంటివారికీ ఒక సిట్టింగు కావాలి. అన్ని పనులూ చేతిలోంచి లాక్కునే ప్రేమ, ఒళ్లు వంచడం లేదన్న దెప్పిపొడుపు రెండూ చేటే. మందుల తగ్గింపు డాక్టరు చేతుల మీదుగా, మెల్లగా జరగాలి.

దీన్ని మంత్రదండంగా చూపడం తప్పు. 75 అధ్యయనాలను, 9,401 మందిని పరిశీలించిన వైద్య ఆధారాలను మదింపు చేసే కొక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష నొప్పి, వైకల్యం, మనోవేదన మూడింటిలోనూ ఈ చికిత్సతో మేలు కొద్దిపాటిదేనని తేల్చింది. అయితే నొప్పి బిళ్లలతో వచ్చే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ లాంటి మూల్యం దీనికి చెల్లించనక్కర్లేదు. ఇతర జబ్బుతో వివరించలేని దీర్ఘకాలిక నొప్పికి పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ తరహా మందులు, ఓపియాయిడ్లు (నల్లమందు తరహా నొప్పి మందులు) మొదలుపెట్టవద్దని, వ్యాయామంతోపాటు మానసిక చికిత్సలను పరిశీలించాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో సూచించింది.

మన ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ అల్లిన పథకం. వారం వారం వచ్చి వెళ్లే సిట్టింగులు అందులో ఇమడవు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ లోటు పూడ్చాలని కోరుతున్నాం. ప్రతి జిల్లా ఆస్పత్రిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సైకాలజిస్టును, ఫిజియోథెరపిస్టును ఒకే గదిలో వారానికి ఒక పూట కూర్చోబెట్టాలి. పది మంది బృందం, ఎనిమిది వారాలు, రెండేసి గంటలు. కావాల్సింది చాపలు, కుర్చీలు, గోడ గడియారం, వాడుక తెలుగులో నోటుపుస్తకం. చదువురానివారికి గీతలు, బొమ్మలు. రోగిని ఈ గదికి పంపే మాట ఎముకల డాక్టరు మొదటి నెలలోనే, ‘మీ నొప్పి నిజం, దానికి ఇదీ ఒక వైద్యమే’ అంటూ చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని మొదటి రోజే అడగాలి, వస్తోందంటే అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించాలి. మానసిక ఆరోగ్య సహాయం అందించే ఉచిత టెలిమానస్ నంబరు 14416 గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఎనిమిదో వారం ముగిశాక నొప్పి పదికి ఎంత అన్న ప్రశ్నతో సరిపెట్టకుండా, ఎంతసేపు కూర్చోగలుగుతున్నారు, ఎన్ని రాత్రులు నిద్రపట్టింది, నెలకు ఎన్ని బిళ్లలు తగ్గాయి, పనికి తిరిగి వెళ్లారా అని నమోదు చేసి, ఆ లెక్కలను ఏటా జిల్లాలవారీగా ప్రజల ముందు పెట్టాలి.