వెయ్యి పౌండ్ల సరుకు, నాలుగు పౌండ్ల జీతం

ఆటగాడి చేతిలో డబ్బు పడితే ఆట చెడిపోతుంది. వందేళ్ల కిందటి ఇంగ్లిష్ ఫుట్‌బాల్ పెద్దలు కనిపెట్టిన ఈ మహాసత్యాన్ని ఈ కాలం వాళ్లు మర్చిపోయారు. అందుకే ఆల్ఫ్ కామన్ చరిత్ర ఒకసారి చెప్పుకోవాలి.

కామన్ సండర్లాండ్ కుర్రాడు. ఫార్వర్డ్. బొద్దుగా ఉండేవాడు, గోల్ మాత్రం వదిలేవాడు కాదు. 1901లో 325 పౌండ్లకు షెఫీల్డ్ యునైటెడ్ క్లబ్‌కి వెళ్లి, మరుసటి ఏడే ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్ గెలిచాడు. 1904లో సొంతూరి క్లబ్‌కి తిరిగొచ్చాడు. 1905 ఫిబ్రవరిలో మిడిల్స్‌బ్రో వాళ్లు అక్షరాలా వెయ్యి పౌండ్లు పోసి అతన్ని కొన్నారు. ఆటగాడికి నాలుగంకెల ధర పలకడం అదే మొదలు. మనుషుల్ని సంతలో పశువుల్లా అమ్ముతారా అని పత్రికలు గుండెలు బాదుకున్నాయి. నిజానికి సంత కన్నా ఇదే పద్ధతైన వ్యవహారం. అమ్మిన క్లబ్‌కి డబ్బు ముట్టింది, కొన్న క్లబ్‌కి కాగితం ముట్టింది. ఇక కామన్ సంగతంటారా? 1901 నుంచి లీగ్‌లో ఎంత గొప్పవాడికైనా వారానికి నాలుగు పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదని నిబంధన. అంటే తన ధరంత సంపాదించాలంటే అతను దాదాపు అయిదేళ్లు ఆడాలి. మనిషికి ఓర్పు నేర్పడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉంటుందా!

కొన్న సరుకు కూడా నాసిరకం కాదు. రెండో డివిజన్‌కి జారిపోయేలా ఉన్న మిడిల్స్‌బ్రో దాదాపు రెండేళ్లుగా పరాయి మైదానంలో గెలవలేదు. కామన్ మొదటి మ్యాచ్ తన పాత క్లబ్ షెఫీల్డ్ యునైటెడ్ మీదే, అదీ వాళ్ల ఊళ్లోనే. పెనాల్టీ కొట్టాడు, 1-0తో గెలిపించాడు. జట్టు పై డివిజన్‌లోనే నిలిచింది.

కానీ నీతి సంగతి చూడాలి కదా. ఆ తర్వాత ఇదే మిడిల్స్‌బ్రో క్లబ్ ఆటగాళ్లకు నిబంధన దాటి డబ్బులిచ్చిందని తేలింది. ఆటను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ 250 పౌండ్ల జరిమానా వేసి, డైరెక్టర్లను సస్పెండ్ చేసింది. ఆటగాడి కోసం వెయ్యి ఇస్తే వ్యాపారం, ఆటగాడికే నాలుగు డబ్బులు ఎక్కువ ఇస్తే నేరం. న్యాయం ఇంత స్పష్టంగా ఉంటే ఎవరికీ టెన్షన్ ఉండదు.

1908లో ధరకు కూడా 350 పౌండ్ల హద్దు పెట్టి చూశారు. పనికిరాని ఆటగాళ్లను కూడా జతచేసి తలకింత చొప్పున మొత్తం బేరం ఆడటం క్లబ్బులకు ఒక లెక్కా? ఆ హద్దు నెలల్లోనే ఎగిరిపోయింది. జీతం మీద హద్దు అన్నది మాత్రం 1961 దాకా తొలగలేదు. ఏది ముఖ్యమో పెద్దలకు తెలుసు.

కామన్ ధర ఆ తర్వాత పడిపోయింది. 1910లో వూలిచ్ ఆర్సెనల్ అతన్ని వంద పౌండ్లకే పట్టుకుపోయింది, ఆ పైన ప్రెస్టన్ క్లబ్‌కి మారాడు. ఆట మానేశాక డార్లింగ్టన్‌లో పబ్ నడిపాడు. అక్కడ తను పోసిన గ్లాసుకు డబ్బు తన గల్లాపెట్టెలోనే పడేది. ఈ విపరీతానికి అసోసియేషన్ ఏ చర్యా తీసుకున్నట్టు కనబడదు.